బంగారు గంగాళంలో చేతులు

"శవం ఏదీ?" అన్నాడు తాన్ బోవెన్, గడప దాటకుండానే.

ఇన్‌స్పెక్టర్ హౌ కుర్చీలోంచి లేవలేదు. పుచ్చగింజ ఒకటి పంటికింద చిట్లించి, తొక్క నేలమీద ఊసి, గడ్డంతో కిటికీ వైపు చూపించాడు. కిటికీ కింద కాలవ.

"అందులో. ఎక్కడికి పోతుంది, ఉబ్బితే అదే తేలుతుంది. డిటెక్టివ్ గారికి అంత తొందరగా ఉంటే దిగి వెతుక్కోవచ్చు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, జాగ్రత్త."

తాన్ గడప దాటి లోపలికి వచ్చాడు. ఏ కేసయినా ముందు టీ తాగి గాని మొదలుపెట్టని మనిషి, ఇవాళ పొద్దుటినుంచి కాలు ఒకచోట నిలవక తిరుగుతున్నాడు. ఊళ్ళో మధ్యాహ్నం పన్నెండింటి ఫిరంగి పేలగానే లూ పెయ్‌ని సైనిక కోర్టుకి పంపేస్తానని హౌ అప్పటికే చెప్పేశాడు. ఆ కోర్టులో విచారణంటే పేరడగడం, గోడ దగ్గర నిలబెట్టడం. రెండింటికీ మధ్య పెద్ద విరామం ఉండదు.

ఆ లూ పెయ్ గదిలోనే ఉన్నాడు. చేతులకి సంకెళ్ళు, చొక్కా చేతుల నిండా ఎండిన నెత్తురు. ఒకప్పుడు ఈ నింగ్బో రేవుపట్నంలో వీడు తెరవలేని తాళం లేదు. పన్నెండేళ్ళ కిందట ఇదే బంగారు కొట్టుకి కన్నం వేసి దొరికిపోతే, కొట్టు యజమాని జ్యాంగ్ వాణ్ణి పోలీసులకి ఇవ్వకుండా కొలిమి ముందు కూర్చోబెట్టి పని నేర్పించాడు. అడిగినవాళ్ళకల్లా ఒకటే మాట చెప్పేవాడు: దారి తప్పి తిరిగొచ్చిన కొడుకుని బంగారం ఇస్తానన్నా మార్చుకోను అని. ఇప్పుడు ఆ జ్యాంగ్‌నే వీడు చంపాడంటున్నారు.

జ్యాంగ్ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తి అనరు. ముందు గదిలో పెళ్ళిగాజులు, వెనక గదిలో కొండదొంగల సొమ్ము. ముప్ఫయ్యేళ్ళుగా ఎవరెవరి మెడల్లోంచి తెంపిన గొలుసులో ఆ కొలిమిలో కరిగిపోయాయి. కిందటి నెల ఆ పని మానేస్తున్నానని, బంగారు గంగాళంలో చేతులు కడుక్కుంటున్నానని అందరికీ కబురు పంపాడు. ఆ లోకంలో పని మానడమంటే నోటితో చెబితే సరిపోదు. వృత్తిలో ఉన్నవాళ్ళందర్నీ పిలవాలి, అగరుబత్తి వెలిగించాలి, నాతో ఎవరికన్నా పగ ఉంటే ఇప్పుడే చెప్పండని మూడుసార్లు అడగాలి. చేతులు తడిశాయంటే పాత పగలన్నీ ఆ నీళ్ళలో కలిసినట్టే. ఆ తర్వాత ఆ మనిషి మీద చెయ్యెత్తినవాడు అందరికీ శత్రువు. అయితే ఎవరన్నా పగ చెప్పాక కూడా ఆ నీళ్ళలో చెయ్యి పెట్టినవాడు, వాడెవడైనా సరే, ఆ పగ తన నెత్తిన వేసుకున్నట్టే.

ఆ తంతు ఇవాళ మధ్యాహ్నమే జరగాలి. అతిథులు ముందు హాల్లో దిగిపోయారు కూడా. తెల్లవారి చూస్తే జ్యాంగ్ గది తలుపుకి లోపల గడియ. హౌ వచ్చి పగలగొట్టించాడు. లోపల లూ ఒక్కడే ఉన్నాడు. కుర్చీ మీద నెత్తుటి అంగీ, నేలమీద ఒక బంగారు పన్ను, తెరిచిన కిటికీ. ముసలాయన లేడు.

"లూ," అన్నాడు తాన్, "ఈ గదిలోకి ఎప్పుడొచ్చావు?"

లూ నేలచూపులు చూస్తున్నాడు.

"గడియ నువ్వే పెట్టావా?"

లూ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"బంగారు నోరండీ, అంత తేలిగ్గా తెరుచుకోదు," అన్నాడు హౌ. "దొంగతనం రోజుల్లో కూడా ఇంతే. వేళ్ళు విరిచినా పలికేవాడు కాదట."

"దొంగతనం మానేసి పన్నెండేళ్ళయింది కదా."

"కుక్కతోకకి ఎన్నాళ్ళు బద్ద కట్టారన్నది కాదు తాన్ గారూ, విప్పాక ఎలా ఉందన్నది లెక్క."

తాన్ వంగి అంగీని చూశాడు. ముదురు నీలం పట్టు. రొమ్ము మీద అరచేయంత నెత్తుటి మరక. కుర్చీకి గాని, గోడకి గాని ఒక్క చుక్క అంటలేదు. ఆపైన ఇంకో సంగతి: గుండీలన్నీ, మెడ దగ్గరనుంచి పక్క దాకా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు మనిషిని చంపి కాలవలో తోసేముందు అతని అంగీ విప్పుతారా?"

"నేనైతే చంపను. ఉద్యోగం పోతుంది."

"విప్పారే అనుకోండి. విప్పి, మళ్ళీ గుండీలన్నీ పెట్టి, కుర్చీ మీద కూర్చోబెడతారా?"

హౌ మరో గింజ నోట్లో వేసుకున్నాడు. తాన్ తలుపు దగ్గరున్న పోలీసుని పంపి వంటావిడని పిలిపించాడు. వాన్ అత్త చేతులు తుడుచుకుంటూ, ఎవరో తనని తిట్టబోతున్నట్టు ముందే మొహం ముడుచుకుని వచ్చింది.

"అత్తా, ప్రమాణానికి కోడి తెప్పించారు కదా. ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది బాబూ, తల లేకుండా ఉంది. ఎర్ర పుంజు, ఎంచి ఎంచి తెచ్చాను. దాని నెత్తురు సారాలో కలిపి అందరూ తాగాలి కదా. పొద్దున్న చూద్దును కదా, బొగ్గుల గది వెనక పడుంది. పిల్లి పని అన్నాడు మా ఆయన. పిల్లి కత్తి పట్టుకుని తిరుగుతుందా అని అడిగాను."

"నెత్తురు?"

"అదే చిత్రం. నేలమీద చుక్క లేదు. ఎవరో గిన్నె పెట్టి పట్టినట్టు. ఇప్పుడు కొత్త కోడికి ఎవర్ని పంపను చెప్పండి, అందరూ ఏడుస్తూ కూర్చుంటే?"

ఆవిణ్ణి పంపేసి తాన్ బల్లమీదున్న దీపం వెలిగించాడు. కంసాలి ఊదుగొట్టం పక్కనే ఉంది. నేలమీది పన్నుని పటకారుతో తీసి మంటలో పెట్టి ఊదాడు. జ్యాంగ్ ముందుపన్ను బంగారమని నింగ్బోలో చంటిపిల్లకి కూడా తెలుసు. ఆయన నవ్వితే ముందు అదే నవ్వేది.

"నిజమైన బంగారం నిప్పుకి భయపడదంటారు," అన్నాడు తాన్.

పన్ను ఎర్రబడింది. మంటలోంచి తీసి చల్లారనిచ్చాక చూస్తే నల్లగా మసిబొగ్గయి ఉంది.

"ఇత్తడి. ముప్ఫయ్యేళ్ళు బంగారం కరిగించినవాడు నోట్లో ఇత్తడి పెట్టుకుంటాడా? అసలు పన్ను ఆయన నోట్లోనే ఉంది. ఇది దొంగ తొడుగు, ఆ నెత్తురు కోడిది. బంగారు కీచురాయి పెంకు వదిలేసి ఎగిరిపోయిందండీ. మనం పెంకు చుట్టూ కూర్చుని ఏడుస్తున్నాం."

ఇంత చెప్పినా హౌ మొహంలో కొంచెం కూడా ఆశ్చర్యం లేదు. అది తాన్‌కి నచ్చలేదు. తన కేసు కళ్ళముందు కూలిపోతే ఏ పోలీసువాడికైనా కోపం రావాలి. ఈయన పొద్దుటినుంచి కాలవలో ఒక పడవ తిప్పించలేదు, ఒక వల వేయించలేదు. శవం లేదని ఈయనకి ముందే తెలుసు. తెలిసి కూడా లూని గోడ దగ్గరికి పంపుతానంటున్నాడు.

"సరే, బతికే ఉన్నాడనుకుందాం," అన్నాడు హౌ, చేతులు దులుపుకుంటూ. "ఫిరంగి పేలేలోగా ముసలాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టండి, వీణ్ణి ఆ క్షణమే వదిలేస్తాను. మాటిస్తున్నాను. ఒక్క మాట వెయ్యి బంగారాలంటారు, నా మాట ఇంకొంచెం ఎక్కువే చేస్తుంది."

"లూని ఎరగా వేస్తున్నారన్నమాట."

"చేపని బట్టి ఎర."

"జ్యాంగ్‌ని పట్టుకుంటే ప్రమోషన్ వస్తుందా?"

హౌ నవ్వాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. ప్రమోషన్ పిచ్చి అనే అనుకున్నాడు తాన్. ఆ అనుకోవడమే అతని కొంప ముంచింది, కాని ఆ సంగతి అప్పటికి తెలీదు.

గదిలో ఇంకెవరూ లేకుండా చూసి తాన్ లూ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఆయనకి మాటిచ్చావు, అవునా? గడియ పెట్టుకుని కూర్చుంటాను, ఎంత ఆలస్యం చెయ్యగలిగితే అంత చేస్తాను, నోరు విప్పను అని. నువ్వు నోరు విప్పకపోతే మధ్యాహ్నానికి చస్తావు. ఆయన ఎందుకు పారిపోయాడో అదొక్కటి చెప్పు. ఎక్కడికి అని అడగను."

లూ తలుపు వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"కబురు పంపిన మర్నాటినుంచీ రోజూ తెల్లారి గుమ్మం ముందు అన్నం గిన్నె. అన్నంలో నిలువుగా గుచ్చిన రెండు అన్నం తినే పుల్లలు."

తాన్‌కి దాని అర్థం తెలుసు. అలా గుచ్చి పెట్టేది చచ్చినవాళ్ళకే.

"ఎవరు పెడుతున్నారు?"

"తెలీదు. ఎవరో రక్తపు పగవాడు. కడుక్కునే రోజు అందరి ముందూ లేచి అడుగుతాడని గురువుగారి భయం." లూ తలెత్తాడు. "ఆయన ఊళ్ళోనే ఉన్నాడు తాన్ గారూ. చెల్లెమ్మకి ఏమన్నా అయ్యేలా ఉంటే వెంటనే వచ్చేస్తానన్నాడు. నా గురించి మీరు కంగారు పడకండి."

గురువు కూతుర్ని వాడు చెల్లెమ్మ అనే పిలుస్తాడు. ఆ మాట అనేటప్పుడు వాడి గొంతు కొంచెం మారింది. తాన్ గమనించి, గమనించనట్టు లేచాడు.

హాల్లో అతిథులు గుంపులు గుంపులుగా గుసగుసలాడుతున్నారు. లూ ముసలాయన పీక కోశాడని ఒకడు, కాదు కొలిమిలో వేశాడని ఇంకొకడు. పదిమంది నోళ్ళు కలిస్తే బంగారం కూడా కరిగిపోతుందని ఊరికే అనలేదు. తాన్ గోడ టెలిఫోన్ దగ్గరికి పోయి స్టీమర్ కంపెనీలో తనకి తెలిసిన గుమాస్తాని పిలిచి, తెల్లవారుజాము పడవలెక్కినవాళ్ళని ఆరా తీసి చెప్పమన్నాడు. ఏదో అనుమానం కాదు, అలవాటు.

జ్యాంగ్ కూతురు సూయిన్ గంగాళం పక్కన నిలబడి ఉంది. తాన్‌ని పిలిపించింది ఆమే. వచ్చినవాళ్ళందరూ 'మీ నాన్నగారి వేయి బంగారాలు మీరు' అంటూ ఆమెకి తల వంచి పోతున్నారు. ఆడపిల్లని ఇక్కడ మర్యాదగా అనేది అలాగే.

"లూ అన్నయ్య చంపలేదు కదా," అంది.

"మీ నాన్నగారు బతికే ఉన్నారమ్మా. తనే వెళ్ళారు."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. "అయితే ఎందుకు రారు? అన్నయ్యని చంపేస్తారని తెలీదా?"

"ఆయనకి పగవాడొకడున్నాడు. వాడు ఈ హాల్లోనే ఉన్నాడని నా నమ్మకం. వాడు నోరు తెరిస్తే ఎవడో తెలుస్తుంది. తెరవకపోతే, చేతులు తడిసి పగ చచ్చిపోతుంది, మీ నాన్నగారు నిర్భయంగా తిరిగొస్తారు. హౌ మాట ప్రకారం లూని వదలాలి. ఎటయినా మనకి లాభమే. కాని కడుక్కోవడానికి ఆయన లేరు."

"ఆయన బదులు నేను కడుక్కోవచ్చు."

"కడుక్కోవచ్చు. కాని వాడు నోరు తెరిస్తే, నిన్నే అడుగుతాడు."

"అడగనీండి," అంది సూయిన్. "ఇంట్లో నేను కాక ఇంకెవరున్నారు జవాబు చెప్పడానికి?"

ఆ పిల్ల ధైర్యానికి తాన్‌కి సంతోషం, భయం రెండూ ఒకేసారి కలిగాయి. ఆపవలసింది. ఆపలేదు. ఫిరంగికి ఎంతో సేపు లేదు.

గంగాళం నిండా కాలవ నీళ్ళు పోశారు. కంచు గంగాళానికి బంగారు పూత, అంచు చుట్టూ ఎర్రగుడ్డ. అగరుబత్తి వెలిగించారు. లూని కూడా హాల్లోకి తెచ్చి, ఇద్దరు పోలీసుల మధ్య టెలిఫోన్ పక్క గోడకి నిలబెట్టారు. తాన్ వాడి పక్కనే నిలబడి అతిథుల మొహాలు వెతుకుతున్నాడు. ముఖ్యంగా చెవి తెగిన ఉప్పు దొంగరవాణావాడొకణ్ణి. వాడు పొద్దుటినుంచి మోకాళ్ళు ఊపుతున్నాడు, చెమటలు కక్కుతున్నాడు.

"మా నాన్న జ్యాంగ్ తరఫున ఈ నీళ్ళ ముందు నిలబడ్డాను," అంది సూయిన్. "ఆయనతో ఎవరికన్నా పగ ఉందా?"

ఎవరూ కదల్లేదు.

"పగ ఉందా?"

చెవి తెగినవాడు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తాన్ చెయ్యి పిస్తోలు మీదికి పోయింది. వాడు పక్కవాడితో, కిటికీ తెరవరేమయ్యా ఉక్కగా ఉంది అన్నాడు.

"మూడోసారి అడుగుతున్నాను. పగ ఉంటే ఇప్పుడే చెప్పండి."

సూయిన్ చేతుల గాజులు పైకి తోసుకుని నీళ్ళ మీదికి వంగింది. వేళ్ళు నీటికి జానెడు దూరంలో ఉన్నాయి.

"ఆగు."

ఆ గొంతు అతిథుల్లోంచి రాలేదు. తలుపు దగ్గరనుంచి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ హౌ నడిచి వచ్చి, తల మీది టోపీ తీసి గంగాళం పక్కన బల్ల మీద పెట్టాడు.

"నాకుంది," అన్నాడు. "నా ఇంటిపేరు హౌ కాదు, షీ. కొండదొంగ షీ కొడుకుని."

హాల్లో ముసలివాళ్ళు కొందరు లేచి నిలబడ్డారు. షీ పేరు వాళ్ళకి తెలుసు. జ్యాంగ్‌తో ఒకే గిన్నెలో నెత్తురు సారా తాగి అన్నదమ్ములైనవాడు. ఒక రాత్రి గాయంతో జ్యాంగ్ ఇంటికొచ్చి తలదాచుకుంటే, తెల్లారేసరికి సైనికులు వచ్చారు. అతని తల నగరం గుమ్మానికి వేలాడింది. సైనికుల్ని ఎవరు పిలిచారో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీదు.

"పిలిచింది మీ నాన్న," అన్నాడు హౌ సూయిన్‌తో. "మా అమ్మ కిటికీలోంచి చూసింది. చచ్చేముందు నాతో ప్రమాణం చేయించింది, జ్యాంగ్ రక్తం కళ్ళచూడాలని. గుమ్మం ముందు అన్నం పెట్టింది నేనే."

తాన్‌కి అంతా ఒక్కసారిగా అర్థమైంది, అర్థమై సిగ్గేసింది. ఇన్నాళ్ళ ఉద్యోగం, పరువు, యూనిఫాం, అన్నీ ఆ ఒక్క 'ఆగు'తో పోగొట్టుకున్నాడు ఈ మనిషి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కాని ఆ వేళ్ళు తడిస్తే తల్లికిచ్చిన మాట నీళ్ళపాలవుతుంది. దొంగ కొడుకు కాబట్టి దొంగల కట్టుబాటు దాటలేకపోయాడు. ఆ కట్టుబాటునే గాలంగా వేసి పగవాణ్ణి బయటికి లాగానని తాన్ అనుకున్నాడు. లాగి ఎవరి ముందు నిలబెట్టాడో ఇప్పుడు కనబడుతోంది.

హౌ తాళంచెవి పోలీసుల వైపు విసిరాడు. "వాణ్ణి వదిలెయ్యండి. వాడితో నాకు పనిలేదు." పిస్తోలు తీసి బల్ల మీద టోపీ పక్కన పెట్టాడు. "కట్టుబాటు నాకూ తెలుసు. అగరుబత్తి అయ్యేదాకా ఆగుతాను. అప్పటికి జ్యాంగ్ వస్తే జ్యాంగ్. రాకపోతే, ఆయన స్థానంలో నిలబడ్డది నువ్వు."

"నాన్న వస్తాడు," అంది సూయిన్. చేతులు ఇంకా పొడిగానే ఉన్నాయి.

టెలిఫోన్ మోగింది.

తాన్ అందుకున్నాడు. స్టీమర్ కంపెనీ గుమాస్తా గొంతు కంచు మోగినట్టుంటుంది. సంకెళ్ళు విప్పించుకుంటూ పక్కనే ఉన్న లూకి ప్రతి మాటా వినిపిస్తోంది.

"దొరికాడు తాన్ గారూ. ముసలాయనే. తెల్లవారుజామున షాంఘై పడవెక్కాడు, అక్కణ్ణుంచి సింగపూర్ ఓడకి కూడా టికెట్టుంది. ఇవాళ కొన్నది కాదండోయ్, పోయిన నెలలోనే కొనిపెట్టుకున్నాడు. కూలివాడికి డబ్బులిచ్చి, ఆ బంగారు పన్ను కనబడేలా నవ్వుతూ ఎక్కాడట."

"ఎన్ని టికెట్లు?" అన్నాడు తాన్ గొంతు తగ్గించి.

"ఒక్కటే."

ఫోన్ పెట్టేశాడు. లూ వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. సూయిన్ ఇటే చూస్తోంది.

"ఎవరు తాన్ గారూ? నాన్న గురించేనా? బయల్దేరాడా?"

తాన్ ఆమె వైపు కదిలాడు. లూ అతన్ని దాటి ముందుకి నడిచాడు. సంకెళ్ళు వదిలిన మణికట్లు ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి. గంగాళం దగ్గర ఆగాడు.

"చెల్లెమ్మా, కొంచెం పక్కకి జరుగు."

ఏం చేస్తున్నాడో ఎవరికీ తోచేలోపల రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్ళలో ముంచాడు. చొక్కా చేతుల మీది కోడి నెత్తురు కరిగి నీళ్ళు ఎర్రబడ్డాయి.

హౌ ఒక అడుగు వెనక్కి వేశాడు. మొదటిసారి అతని మొహంలో ఆశ్చర్యం కనబడింది.

"ఏం పనిరా అది? నీతో నాకు పగ లేదు. నిన్ను చంపుతానని మా అమ్మకి మాటివ్వలేదు."

"ఇప్పుడుంది," అన్నాడు లూ, చేతులు తుడుచుకోకుండానే. "కట్టుబాటు నాకంటే నీకే బాగా తెలుసు. ఈమె చేతులు చూడు, పొడిగా ఉన్నాయి."

తర్వాత తాన్ వైపు తిరిగాడు. అగరుబత్తి సగానికి వచ్చింది.

"మీరు నన్ను బయటికి తీసుకెళ్దామని వచ్చారు కదా తాన్ గారూ. నా బదులు ఆమెని తీసుకెళ్ళండి. ఆ అగరుబత్తి అయిపోయేలోగా."

తాన్ సూయిన్ చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె గంగాళం అంచు వదల్లేదు.